బ్లాక్ అండ్ వైట్ డిజిటల్ పెయింటింగ్‌కి రంగులు వేయడం ఎలా? మా నాయినమ్మ బొమ్మతో నేను నేర్చుకున్నది

ఈ సైట్‌లో నేను ఎక్కువగా ఫోన్ల గురించి, స్టైలస్‌ల గురించి రాస్తుంటాను. ఈసారి ఒక పని గురించి రాస్తున్నా. గ్రే రంగులో గీసిన డిజిటల్ పెయింటింగ్‌కి తర్వాత రంగులు ఎక్కించడం. చూడ్డానికి ఐదు నిమిషాల పనిలా ఉంటుంది. నాకు ఆరు వారాంతాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెబితే మీకు కొంచెం టైమ్ మిగులుతుందని నా ఆశ.

మాది మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు. బీటెక్ అయ్యాక ఉద్యోగం హైదరాబాద్‌లో. మా నాయినమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆమెది ఇంట్లో ఒకే ఒక్క ఫోటో ఉంది, బ్లాక్ అండ్ వైట్, అరచేతి కన్నా కొంచెం చిన్నది. స్టూడియోలో కుర్చీలో కూర్చుని తీయించుకున్నది. ఒక మూల చెద తిన్నది, చెంప మీదుగా మడత గీత. దాన్ని పెద్దది చేసి ఫ్రేమ్ కట్టించాలని మా నాయిన ఎప్పటినుంచో అంటున్నడు.

పోయిన ఏడాది ఒక స్టూడియోలో ఇచ్చాం. వాళ్లు స్కాన్ చేసి, ఏదో యాప్‌లో వేసి, రంగులతో సహా అరగంటలో చేతికి ఇచ్చారు. గీతలు పోయాయి, చీరకి రంగొచ్చింది, ముఖం మెరుస్తోంది. మా నాయిన చాలాసేపు చూసి ఒకే మాట అన్నడు.

"ఇదెవరు కొడుకా? మా అవ్వ గింత తెల్లగ ఎన్నడుండె?"

ఆ ఫ్రేమ్ ఇప్పటికీ బీరువా వెనుకే ఉంది. అందుకే నేనే గీద్దామనుకున్నా.

యాప్ ఎందుకు తప్పు చేసింది?

ముందు ఇది అర్థం కావాలి, ఎందుకంటే చేత్తో వేసేటప్పుడు మనమూ ఇదే తప్పు చేస్తాం.

రంగు ఫోటోని గ్రేగా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక లెక్క వేస్తుంది. పాత టీవీ ప్రమాణం నుంచి వచ్చిన లెక్క: ఎరుపులో 29.9 శాతం, ఆకుపచ్చలో 58.7 శాతం, నీలంలో 11.4 శాతం తీసుకుని కూడితే వచ్చేది ఆ పిక్సెల్ వెలుగు. మూడు సంఖ్యలు వెళ్లి ఒక సంఖ్య అవుతాయి. ఒక సంఖ్య నుంచి మళ్లీ మూడు సంఖ్యలు వెనక్కి రావు. కోడింగ్ తెలిసినవాళ్లకి చెప్పాలంటే ఇది హ్యాష్ లాంటిది, కుదించిన ఫైల్ లాంటిది కాదు.

ఒక ఉదాహరణ చూడండి. ఎరుపు 150, ఆకుపచ్చ 40, నీలం 45 ఉన్న రంగు ముదురు ఎర్ర చీర. 20, 100, 70 ఉన్నది ముదురు ఆకుపచ్చ చీర. లెక్క వేస్తే రెండింటికీ వచ్చేది 73. అంటే గ్రే ఫోటోలో ఈ రెండు చీరలూ ఒకటే. పైగా ఫిల్మ్ ఈ లెక్క ప్రకారం కూడా నడవదు. పాతకాలం ఫిల్మ్‌లలో కొన్ని ఎరుపుని దాదాపు చూడనే చూడవు, బొట్టు నల్లగా పడేది.

ఇక ఏఐ ఏం చేస్తుంది? 2016లో రిచర్డ్ జాంగ్, ఫిలిప్ ఇసోలా, అలెక్సీ ఎఫ్రోస్ అనే ముగ్గురు దీని మీద బాగా పేరొచ్చిన ఒక పరిశోధన చేశారు. 10 లక్షలకు పైగా రంగు ఫోటోలు తీసుకుని, వాటిని గ్రే చేసి, అసలు రంగేంటో ఊహించమని నెట్‌వర్క్‌కి నేర్పించారు. అందులో వాళ్లు ఒక ఇబ్బంది గుర్తించారు. ఒక వస్తువు ఎరుపైనా కావచ్చు, ఆకుపచ్చైనా కావచ్చు అన్నప్పుడు మామూలుగా నేర్పిన నెట్‌వర్క్ రెండింటికీ మధ్యలో సగటు రంగు ఇస్తుంది. అది మట్టి రంగు. అందుకని రంగుల్ని 313 గడులుగా విడగొట్టి, అందులోంచి ఒకటి ఎంచుకునేలా చేశారు, అరుదైన రంగులకి కొంచెం ఎక్కువ బరువిచ్చారు. 2018లో జేసన్ ఆంటిక్ విడుదల చేసిన డీఓల్డిఫై వేరే దారిలో అదే పని చేస్తుంది. ఇవన్నీ మంచి పనులే. కానీ ఏది చేసినా అది ఊహే. నెట్‌వర్క్ చూసిన ఫోటోల్లో ఎలాంటి మనుషులు ఎక్కువగా ఉంటే అటు మొగ్గుతుంది. మా నాయినమ్మ చీర ఏ రంగో దానికి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు.

ఇంకో సంగతి. మామూలుగా ఈ కలరైజేషన్ నెట్‌వర్క్‌లు వెలుగుని ముట్టుకోవు, రంగుని మాత్రమే కలుపుతాయి. ముఖం తెల్లబడటానికి అసలు కారణం చాలాసార్లు దాని తర్వాత నడిచే "ఫేస్ ఎన్‌హాన్స్" ఫిల్టర్. అది చర్మాన్ని నున్నగా చేసి, వెలుగు పెంచి ఇస్తుంది.

మన తెలుగువాళ్లకి ఈ గొడవ కొత్తేం కాదు. 1957 నాటి మాయాబజార్‌ని హైదరాబాద్‌కి చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి 2010 జనవరిలో విడుదల చేసింది. సెకనుకి 24 ఫ్రేములు, దాదాపు మూడు గంటల సినిమా. అంటే రెండున్నర లక్షల ఫ్రేముల పైమాటే. ఘటోత్కచుడి నగ ఏ రంగు, శశిరేఖ పట్టుచీర ఏ రంగు అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి కదా. మా ఇంట్లో ఇప్పటికీ రెండు పార్టీలు. నాకు రంగులది ఇష్టం, మా నాయినకి మాత్రం మార్కస్ బార్ట్లే తీసిన ఆ తెల్ల వెన్నెలే వెన్నెల.

ముందు గ్రేలో ఎందుకు గీయాలి?

నేరుగా రంగుల్లోనే గీయొచ్చుగా అని అడగొచ్చు. గీయొచ్చు. చేర్యాల నకాషీ కళాకారులు చేసేది అదే. గీత, వెనుక ఎర్ర రంగు, మీద మిగతా రంగులు. ఆ బొమ్మల్లో వెలుగునీడలు ఉండవు, రంగే బొమ్మ. అలాంటి బొమ్మకి గ్రే పద్ధతి పనికిరాదు, అనవసరం కూడా.

కానీ పోలిక రావాల్సిన ముఖానికి వెలుగునీడలే ముఖ్యం. కన్ను ఎంత లోతు, చెంప ఎముక ఎక్కడ తిరిగింది, ఇవన్నీ గ్రేలోనే తేలిపోతాయి. ఒకేసారి రెండు సమస్యలు కాకుండా ఒకదాని తర్వాత ఒకటి. యూరప్‌లో ఆయిల్ పెయింటింగ్ వేసేవాళ్లు శతాబ్దాల క్రితమే బూడిద రంగులో మొత్తం బొమ్మ వేసుకుని, ఆరాక పైన పలుచని రంగు పొరలు వేసేవారు. దాన్ని గ్రిసాయ్ అంటారు. మన దగ్గర పాత స్టూడియోల్లో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ మీద బ్రష్‌తో బుగ్గలకి, చీరకి రంగు అద్దేవాళ్లు, అదీ ఇదే పని. మనం లేయర్లతో చేస్తాం, అంతే తేడా.

నేను వాడినవి చెబుతా. 8 జీబీ ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్ ట్యాబ్, దానితో వచ్చిన స్టైలస్. యాప్ ఐబిస్ పెయింట్, ఫ్రీ వెర్షన్, మధ్యమధ్యలో యాడ్స్ వస్తాయి, భరించాలి. కొంత పని ల్యాప్‌టాప్‌లో క్రిటాలో. క్రిటా పూర్తిగా ఉచితం. ఐప్యాడ్ ఉంటే ప్రోక్రియేట్ హాయి. ఏ యాప్ అయినా కింద చెప్పే మాటలు మారవు, ఎందుకంటే బ్లెండ్ మోడ్‌లు అన్నిటిలో దాదాపు ఒకటే.

కాన్వాస్ సైజు ముందే తేల్చుకోండి. నాకు 12 బై 18 అంగుళాల ఫ్రేమ్ కావాలి. అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున 3600 బై 5400. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. అంటే ఒక్క లేయర్‌కే దాదాపు 78 ఎంబీ. పది లేయర్లకి 780 ఎంబీ, అన్‌డూ హిస్టరీ వేరే. 4 జీబీ ఫోన్‌లో యాప్ ఎందుకు మూసుకుపోతుందో ఇప్పుడు అర్థమైందిగా. అలాంటి ఫోనే ఉంటే కాన్వాస్ సగానికి తగ్గించుకోండి, గోడ మీద నుంచి చూసే ఫ్రేమ్‌కి 150 కూడా పర్లేదు.

మొదటి ప్రయత్నం, బురద

గ్రే బొమ్మ రెండు వారాంతాల్లో బాగానే వచ్చింది. దాని మీద కొత్త లేయర్ పెట్టి, మోడ్ "కలర్"కి మార్చి, చర్మం చోట గోధుమ రంగు, చీర చోట ఎరుపు పూశాను. యూట్యూబ్‌లో అందరూ చెప్పేది ఇదే. వచ్చింది చూస్తే ప్లాస్టిక్ బొమ్మకి పసుపు నీళ్లు పోసినట్టుంది.

కారణాలు మూడు కనిపించాయి.

ఒకటి, కలర్ మోడ్ కింద లేయర్ నుంచి వెలుగు తీసుకుంటుంది, పై లేయర్ నుంచి రంగు, దాని గాఢత తీసుకుంటుంది. మీరు ఒకే గోధుమ రంగు పూస్తే వెలుగులోనూ నీడలోనూ ఒకటే రంగు. నిజంగా అలా ఉండదు. మా ఊళ్లో ఫిబ్రవరి, మార్చిలో వస్తే కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది. ఎండ పడ్డ కాయ నారింజ ఎరుపు. అదే కుప్ప నీడ వైపు చూస్తే దాదాపు వంగపండు రంగు. కాయ ఒకటే. వెలుగు మారితే వెలుగొక్కటే మారదు, రంగూ పక్కకి జరుగుతుంది. ఇది తెలియక వేసిన బొమ్మే "బురద".

రెండు, పూర్తి నలుపు మీద, పూర్తి తెలుపు మీద కలర్ మోడ్ పనిచేయదు. నలుపు నలుపుగానే ఉంటుంది, తెలుపు తెలుపుగానే. నేను జుట్టుని 0, కంటి మెరుపుల్ని 255 చేసి పెట్టుకున్నా. అవి రంగు తీసుకోలేదు, బొమ్మలో రంధ్రాల్లా కనిపించాయి. గ్రే బొమ్మని 20కి, 235కి మధ్యలో ఉంచుకోండి. లెవెల్స్ ఫిల్టర్‌తో ఒక నిమిషం పని.

మూడోది పసుపు రంగు. దీని మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది ఎవరూ సరిగా చెప్పరు.

ప్రతి రంగుకీ పుట్టుకతో ఒక వెలుగు ఉంటుంది. పైన చెప్పిన లెక్కే వేస్తే నిండు పసుపు వెలుగు 226. నిండు ఆకుపచ్చ 150. ఎరుపు 76. నీలం 29. అంటే నిండు పసుపు కనిపించాలంటే కింద గ్రే 226 దగ్గర ఉండాలి. గ్రే 90 ఉన్న చోట కలర్ మోడ్‌లో పసుపు పూస్తే యాప్ ఏం చేస్తుంది? వెలుగు 90 వచ్చేదాకా పసుపుని తగ్గిస్తుంది. వచ్చేది 102, 102, 0. అది పసుపు కాదు, నీళ్ల ట్యాంకులో పాచి. నాయినమ్మ మెడలో పసుపుతాడు నాకు సరిగ్గా ఇలాగే వచ్చింది.

తంగేడు పువ్వు నీడలో ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. పచ్చగా మారదు, ముదురు నారింజ వైపు వెళ్తుంది. కాబట్టి పసుపు వస్తువుకి నీడలో పసుపు వేయొద్దు. నేను 150, 85, 10 వేశా. దాని వెలుగు 96, గోధుమ కలిసిన నారింజ. వెలుగు పడ్డ చోట మాత్రం నిజమైన పసుపు. దూరం నుంచి చూస్తే తాడు మొత్తం పసుపే. నీలం చీర అయితే దీనికి తిరగేసి ఆలోచించాలి, అది నీడలోనే గాఢంగా ఉంటుంది, వెలుగులో పాలిపోతుంది.

పనిచేసిన పద్ధతి

రెండోసారి ఇలా చేశాను.

గ్రే బొమ్మని భాగాలుగా విడదీశా: చర్మం, జుట్టు, చీర, నగలు, కుర్చీ, వెనుక తెర. ప్రతిదానికీ ఒక మాస్క్. విసుగొచ్చే పని, కానీ ఇది చేయకపోతే ముందుకు వెళ్లొద్దు. గ్రే ఒరిజినల్‌ని ఒక కాపీ తీసి లాక్ చేసి అడుగున పడేయండి. నేను ఒకసారి లేయర్లు మెర్జ్ చేసి సేవ్ చేసుకున్నా, మళ్లీ సగం పని చేయాల్సొచ్చింది.

తర్వాత ఒక్కో భాగానికి గ్రేడియంట్ మ్యాప్. ఇది చాలామంది వదిలేసే ఫిల్టర్, నా దృష్టిలో మొత్తం పనిలో అసలైనది ఇదే. ముదురు గ్రే ఉన్న చోట ఈ రంగు, మధ్య గ్రేకి ఈ రంగు, లేత గ్రేకి ఈ రంగు అని చెప్పేస్తాం. అంటే నీడలో రంగు జరగడం అనేది దానంతటదే వస్తుంది. క్రిటా, ఫోటోషాప్, ప్రోక్రియేట్‌లలో ఉంది, ఐబిస్‌లో ఫిల్టర్ల కింద చూడండి. చర్మానికి నేను మూడు రంగులతో మొదలుపెట్టా: నీడకి 58, 30, 24. మధ్యకి 134, 84, 58. వెలుగుకి 205, 158, 122. ఈ మూడింటి వెలుగు లెక్కేస్తే 38, 96, 168. గ్రేడియంట్‌లో ఈ రంగుల్ని అదే గ్రే స్థానాల్లో పెట్టండి. అప్పుడు గ్రేలో మీరు కష్టపడి తెచ్చిన వెలుగునీడలు చెడవు.

దాని మీద సాఫ్ట్ లైట్ మోడ్‌లో ఒక లేయర్, తక్కువ ఒపాసిటీ. బుగ్గలు, ముక్కు కొన, చెవులు, వేళ్ల కణుపులు, వీటికి కొంచెం ఎరుపు. అక్కడ చర్మం కింద రక్తం ఎక్కువ కనిపిస్తుంది. కళ్ల కింద కొంచెం చల్లని రంగు. ఓవర్‌లే మోడ్ కూడా ఇలాంటిదే కానీ మోటు, కాంట్రాస్ట్ బాగా పెంచేస్తుంది. మల్టిప్లై ఎప్పుడూ ముదురు చేస్తుంది, చీర మడతల నీడకి తప్ప నేను వాడలేదు.

చివరగా, మామూలు నార్మల్ మోడ్‌లో పైనుంచి బ్రష్‌తో పెయింట్ చేయాలి. దీన్ని తప్పించుకోలేం. బ్లెండ్ మోడ్‌లతో 70 శాతం వరకే వస్తుంది. చీర ఎరుపు గడ్డం కింద పడి ఆ నీడ కొంచెం ఎర్రబడటం, కుర్చీ చెక్క రంగు మోచేతికి అంటుకోవడం, ఇలాంటివి ఏ మోడ్ ఇవ్వదు. ఐడ్రాపర్‌తో పక్క రంగు తీసుకుని, మెల్లగా అద్దాలి.

అసలు సమస్య: ఏ రంగు?

ఇక్కడిదాకా టెక్నిక్. మా ఇంట్లో గొడవ మాత్రం ఇక్కడే మొదలైంది.

చీర ఎర్రదని నాయిన. కాదు ఆకుపచ్చదని మేనత్త. ఇద్దరూ ఖాయంగా చెబుతున్నరు. పైన చెప్పిన 73 లెక్క గుర్తుందిగా, ఫోటో ఎవరి పక్షమూ తీసుకోదు. రెండు వెర్షన్లూ చేసి చూపించా, ఇద్దరికీ ఎవరిది వాళ్లకే నచ్చింది.

మూడో వారం అత్తమ్మే ఫోన్ చేసింది. "అల్లుడా, అవ్వ చీరెలు కోసి కుట్టిన బొంత ఒకటి అటక మీద ఉండాలె, సూడుర" అంది. ఉంది. ఎలకలు కొట్టగా మిగిలింది. అందులో ఫోటోలో ఉన్న అంచు డిజైన్‌తో ఒక ముక్క దొరికింది. బయటికి కనిపించే వైపు వెలిసిపోయి బూడిద రంగు. కుట్టు కింద మడతలో మాత్రం రంగు మిగిలింది. ఎరుపూ కాదు, ఆకుపచ్చా కాదు. ముదురు వంగపండు రంగు, అంచు ఆకుపచ్చ. ఇద్దరి జ్ఞాపకంలోనూ తలా కొంచెం నిజం ఉందన్నమాట.

ఇప్పుడు ఆ ముక్క రంగుని ట్యాబ్‌లోకి తేవాలి. ఫోన్‌తో ఫోటో తీసి ఐడ్రాపర్ పెడితే చాలు అనుకోకండి. ఫోన్ కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ చేస్తుంది, ఫ్రేమ్ నిండా ఒకే రంగు బట్ట ఉంటే మోసపోతుంది. ట్యూబ్‌లైట్ కింద ఒక రంగు, బల్బు కింద ఇంకో రంగు చూపించింది. పగటిపూట, నేరుగా ఎండ కాకుండా వాకిట్లో నీడలో పెట్టి, పక్కన తెల్ల కాగితం కూడా ఫ్రేమ్‌లో ఉండేలా తీశా. తర్వాత ఎడిటర్‌లో ఆ కాగితం తెల్లగా అంటే మూడు సంఖ్యలూ దాదాపు సమానంగా వచ్చేదాకా సరిచేశా. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ అక్కడే లాక్ చేసుకోవచ్చు. బ్యూటీ, సీన్ ఆప్టిమైజర్ లాంటివన్నీ ఆఫ్.

చర్మానికి ఏం చేయాలి? నాయిననే అడిగా. "నా లెక్కనే ఉండె. నా కన్న ఒక పాలు నలుపే" అన్నడు. అదే వాకిట్లో, అదే కాగితం పక్కన పెట్టి ఆయన ముంజేయి ఫోటో తీసుకున్నా.

అప్పుడు తెలిసింది అసలు విషయం. నా గ్రే బొమ్మలోనే తప్పుంది. పాత ఫోటోలో నాయినమ్మ చెంప గ్రే 170 దగ్గర ఉంది. నేను అచ్చం అలాగే గీశా. కానీ నాయిన చర్మం నుంచి లెక్కేస్తే చెంప 95, 100 మధ్య ఉండాలి. ముఖం మీదకి కొట్టిన స్టూడియో లైటు, ముఖానికి రాసుకున్న పౌడరు, ప్రింట్ చేసేటప్పుడు లేతగా తేవడం, ఏది ఎంతో తేల్చలేను. కానీ తెల్లబరచడం యాప్‌తో మొదలవలేదు, ఆ ఫోటో తీసిన రోజే మొదలైంది. కలర్ మోడ్ వెలుగుని మార్చదు కాబట్టి, దాని మీద ఏ గోధుమ రంగు వేసినా ముఖం లేతగానే ఉంటుంది. రంగు మార్చి లాభం లేదు, కింద వెలుగు మార్చాలి.

అందుకని వెనక్కి వెళ్లి, చర్మం మాస్క్ మీద కర్వ్స్ పెట్టి, మధ్య గ్రేలని కిందికి లాగా. కర్వ్ పై కొసని మాత్రం కదపలేదు. ముదురు చర్మం మీద మెరుపులు తగ్గవు, ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి, నుదుటి మీద, ముక్కు మీద కొంచెం నీలం కలిసిన తెలుపులాగా. మొత్తం ఒకేలా డార్క్ చేస్తే ముఖం మసిబారినట్టుంటుంది, చాలామంది బొమ్మల్లో జరిగే తప్పు ఇదే. మెరుపులు ఉంచి మధ్యని దించితే చర్మానికి నిగారింపు వస్తుంది. ఆ ఒక్క కర్వ్‌తో బొమ్మ మారిపోయింది. అప్పటిదాకా నాకు ఆ ముఖం ఎవరిదో అనిపించేది. ఆ రాత్రి మొదటిసారి అందులో మా నాయిన కనిపించిండు.

స్క్రీన్, ప్రింట్ గురించి కొంచెం

ఇది గ్యాడ్జెట్ సైట్ కదా, ఇది చెప్పకపోతే ఎలా. రంగులు వేసే ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వివిడ్ మోడ్ తీసేసి నేచురల్ పెట్టండి. ఐ కంఫర్ట్, నైట్ లైట్, అడాప్టివ్ టోన్ అన్నీ ఆఫ్. నేను రెండు రాత్రులు నైట్ లైట్ ఆన్‌లో ఉందని గమనించకుండా పనిచేసి, పొద్దున చూస్తే బొమ్మ నీలంగా ఉంది. బ్రైట్‌నెస్ సగం దగ్గర ఉంచండి. మధ్యమధ్యలో బొమ్మని గ్రే చేసి చూసుకోండి, పైన ఒక నల్ల లేయర్ పెట్టి కలర్ మోడ్ ఇస్తే చాలు, వెలుగునీడలు చెడ్డాయో లేదో తెలుస్తుంది.

ఫైల్‌ని ఎస్‌ఆర్‌జీబీలో సేవ్ చేయండి. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు కుదించేస్తుంది. ప్రింట్ ఎప్పుడూ స్క్రీన్ కన్నా ముదురుగా వస్తుంది, ఎందుకంటే స్క్రీన్ వెలుగు ఇస్తుంది, కాగితం ఇవ్వదు. ముందు 4 బై 6 ప్రింట్ ఒకటి తీసుకుని పగటి వెలుగులో చూడండి.

నేను తీసిన 4 బై 6 ముదురుగా రాలేదు, తెల్లగా వచ్చింది! మళ్లీ అదే ముఖం. కంగారుపడి ఫైల్ చూస్తే సరిగ్గానే ఉంది. ల్యాబ్ మెషిన్‌లో ఆటో కరెక్షన్ ఆన్‌లో ఉండటం వల్ల ముఖాన్ని అదే లేతగా చేసేసింది. "కరెక్షన్ ఏదీ పెట్టకుండా ఉన్నదున్నట్టు కొట్టండి" అని చెప్పాల్సొచ్చింది. కౌంటర్‌లో అబ్బాయి "ముఖం నల్లగా వస్తది అన్నా, పర్లేదా?" అని రెండుసార్లు అడిగిండు. పర్లేదన్నా. మీరు కూడా ఈ మాట ముందే చెప్పండి, అడగకుండా వాళ్లు ఆపరు.

ఫ్రేమ్ కట్టించి సికింద్రాబాద్ నుంచి రైల్లో ఒడిలో పెట్టుకుని మహబూబాబాద్ దాకా, అక్కడి నుంచి బస్సులో ఊరికి తెచ్చా. నాయిన కళ్లద్దాలు తుడుచుకుని, గోడకి ఆనించి, వాకిట్లోకి పోయి దూరం నుంచి ఒకసారి, దగ్గరికొచ్చి ఒకసారి చూసిండు. అత్తమ్మ వీడియో కాల్‌లో ఉంది. చీర గురించి ఇద్దరూ మాట్లాడలేదు.

"కుడి చెవుకు కమ్మ ఉండకపోయేది ర. అమ్మినం, నా ఫీజుకు" అన్నడు కొంచెంసేపటికి.

ఫోటోలో కుడి చెవి నీడలో ఉంది, ఏమీ కనిపించదు. ఎడమ చెవికి ఉందని కుడి చెవికీ నేనే గీశా. నగలు వేరే లేయర్‌లోనే ఉన్నాయి కాబట్టి తీసేయడానికి ఒక నిమిషం పట్టలేదు. కొత్త ప్రింట్ వచ్చే వారం తెస్తా, ఈసారి కూడా కరెక్షన్ ఆఫ్ చేయమని చెప్పాలి.